చిన్న గదిలో సబ్‌వూఫర్ ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న: మూడు మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న గదిలో స్టీరియోకు సబ్‌వూఫర్ (మంద్ర శబ్దాలను మాత్రమే వినిపించే స్పీకర్) జోడించాలనుకుంటున్నాను. ఖాళీ ఉన్నది ఒక మూలలోనే. ఎలాంటిది ఎంచుకోవాలో దయచేసి చెప్పగలరా?

మొదటి సమాధానం: మూలలో బాస్ (మంద్ర శబ్దం) బలంగా వస్తుంది గానీ, మూడు మీటర్ల దూరంలో ఉన్న గోడల మధ్య సుమారు 57 హెర్ట్జ్ వద్ద ఏర్పడే స్థిర తరంగం (గోడల మధ్య అటూ ఇటూ తిరిగి ఒకచోటే నిలిచిపోయినట్లుండే శబ్ద తరంగం) కూడా అక్కడే ఎక్కువగా రేగి, ఆ ఒక్క స్వరమే మిగిలినవాటిని కప్పేస్తుంది. పోర్టు (గాలి బయటికి పోయే రంధ్రం) లేని మూసిన పెట్టె రకం తీసుకోండి. అది చిన్నది, గోడకు ఆనించినా ఇబ్బంది ఉండదు.

రెండవ సమాధానం: ముందుగా సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే చోటనే ఉంచి, సాధ్యమైన స్థలాలన్నింటిలో చెవిని నేలకు దగ్గరగా పెట్టి విని, బాస్ సమంగా వినిపించిన చోటును ఎంచుకోండి. క్రాసోవర్ (ఎన్ని హెర్ట్జ్ కన్నా కింది శబ్దాలు సబ్‌వూఫర్‌కు వెళ్లాలో నిర్ణయించే హద్దు) 80 హెర్ట్జ్ లోపు ఉంటే శబ్దం ఏ దిశ నుంచి వస్తోందో చెవికి దాదాపు తెలియదు, కాబట్టి సోఫా పక్కన ఉంచినా ఫరవాలేదు.

మూడవ సమాధానం: నా మాటగా, పెద్దది ఒకటి కన్నా చిన్నవి రెండు మేలు.