వృద్ధాశ్రమానికి కుర్చీలు: ఏ కొలతలతో చేయించాలి?

పాలకొల్లు, ఆశ్రమం చూసుకునే ఆవిడ:
నమస్కారమండీ. మా ఆశ్రమంలో వరండాకి, భోజనాల గదికి కుర్చీలు కావాలి. డబ్బిచ్చే దాతగారు మెత్తటి సోఫాలు కొందామంటున్నారు. ఆయన మనసు మంచిదే. కానీ ఇప్పుడున్న సోఫాలో కూర్చున్న మామ్మల్ని ఇద్దరం చెరో రెక్కా పట్టి లేపాల్సొస్తోంది. బాత్‌రూమ్‌కి లేపమని మాటిమాటికీ అడగలేక కొందరు మంచినీళ్ళు తాగడమే తగ్గించేశారు. నాకు అదే దిగులు. ప్లాస్టిక్ కుర్చీలేమో తడి టైల్స్ మీద జారుతున్నాయి. ఏం చేయించమంటారు?

రాజోలు వైపు వడ్రంగి:
సోఫా వద్దని దాతగారికి గట్టిగానే చెప్పండమ్మా. ముందు మీవాళ్ళ కాళ్ళు కొలవండి. చెప్పులేసుకుని కూర్చున్నప్పుడు నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎంతుంటే అంత ఎత్తు. మోకాళ్ళ నొప్పులుంటే ఇంకో అంగుళం. ఆడవాళ్ళకి సుమారు 16, 17 అంగుళాలు, మగవాళ్ళకి 18 వస్తుంది. అందరికీ ఒకే ఎత్తు చేయించకండి. పొట్టి మనిషికి పాదాలు నేలకి ఆనకపోతే తొడ కింద అంచు ఒత్తుకుని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, వాస్తాయి.

సీటు లోతు 16, 17 చాలు. ఎక్కువైతే వీపు ఆనక ముందుకి జారిపోతారు. కుర్చీ చేతులు సీటు ముందు అంచు దాకా రావాలి, కొస గుండ్రంగా పిడికిట్లో ఇమడాలి. లేచేటప్పుడు బరువంతా దాని మీదే కదా.

అన్నిటికన్నా ముఖ్యం, కుర్చీ ముందు కాళ్ళ మధ్య కింద అడ్డకర్ర వేయనివ్వకండి. పాదాలు వెనక్కి లాక్కుంటేగానీ మనిషి లేవలేడు. బలం కోసమైతే పక్కల్లో, వెనక వేయమనండి. కర్రకి టేకు ఖరీదనుకుంటే ముదురు వేప. మామిడి వద్దు, పుచ్చిపోతుంది. మా సముద్రం వైపైతే ఇనుము కూడా వద్దంటాను, ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తుంది.

భీమవరం ఫిజియోథెరపిస్టు:
అడ్డకర్ర గురించి వడ్రంగిగారు చెప్పింది అక్షరాలా నిజం. రంగు కూడా చూడండి. తెల్ల టైల్స్ మీద తెల్ల సీటు శుక్లాలున్నవాళ్ళకి సరిగ్గా కనపడదు, అంచున కూర్చుని పడిపోతారు. మెరుపు లేని ముదురు రంగు రెగ్జిన్ వేయించండి, తుడుచుకోడానికీ సుఖం. మంచం అంచున కూర్చున్నా పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. మంచానికి పొడుగునా కటకటాల్లా రెయిలింగు మాత్రం వద్దు. మతిమరుపున్నవాళ్ళు దాన్ని ఎక్కి దిగబోయి, ఇంకా ఎత్తు నుంచి పడతారు.

పాలకొల్లు ఆవిడ:
చాలా ధన్యవాదాలండీ. ఒక తాతగారు తన పడక కుర్చీ తప్ప ఇంకోటి ముట్టరు. ఆయన్నేం చేయను?

వడ్రంగి:
ఆయన కుర్చీ ఆయనకి ఉంచెయ్యండమ్మా. గుడ్డ బిగించి కుట్టిస్తే సీటు కాస్త పైకొస్తుంది. పక్కన గోడకి, చెయ్యి అందేచోట గట్టి కర్రపిడి బిగించండి. కొత్తవి మాత్రం ముందు ఒక్కటి చేయించి, అందరినీ కూర్చోబెట్టి లేపి చూశాకే మిగతావాటికి కర్ర కోయమనండి.