సౌండ్ పెంచితే డబడబ, స్టేషన్లు డయల్ మీద పక్కకి: పాత 4 సెల్లుల ట్రాన్సిస్టర్ రేడియో

ప్రశ్న:
6 వోల్టుల సెట్టు. లోపల ఏఎఫ్117, ఏసీ128 జర్మేనియం ట్రాన్సిస్టర్లు. సెల్లులు కొత్తవే. సౌండ్ సగం దాటగానే ‘డబడబడబ’ అని కొట్టుకుంటుంది, తగ్గిస్తే ఆగుతుంది. హైదరాబాద్ 738 కిలోహెర్ట్‌జ్, ముల్లు 800 దగ్గరికి తీసుకెళ్తే గానీ పలకదు. రేకు డబ్బాల్లోని రంగు స్క్రూలు తిప్పితే సరిపోతుందా?

జవాబు 1:
వాటిని ఇప్పుడే ముట్టుకోకండి. డబడబకి కారణం దాదాపుగా సెల్లుల లైను మీద వోల్టేజీని నిలకడగా ఉంచే ఎలక్ట్రోలిటిక్ కండెన్సరే. అది ఎండిపోతే, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కరెంటు లాగినప్పుడల్లా వోల్టేజీ ఊగి, ఆ ఊపు మొదటి స్టేజీలకి తిరిగి చేరుతుంది. 220 మైక్రోఫారడ్, 16 వోల్టుల కొత్త కండెన్సర్ పాతదాని మీద సమాంతరంగా ఆనించి చూడండి. ఆగితే పాతది తీసేసి ఇదే వేయండి. ఆగకపోతే, రెసిస్టర్ దాటాక ఐఎఫ్ (స్టేషన్ సిగ్నల్ని పెంచే మధ్య స్టేజీలు) వైపు ఉన్న కండెన్సర్ మీద కూడా ఇలాగే చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ప్లస్ ఎటు?

జవాబు 1:
ముఖ్యమైన ప్రశ్న. ఇవి పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు, ఇలాంటి సెట్లలో ఎక్కువగా సెల్లుల ప్లస్సే ఎర్త్ (సెట్టు అంతటికీ ఉమ్మడి లైను). కాబట్టి కండెన్సర్ ప్లస్ కాలు ఎర్త్‌కి వస్తుంది. అయినా మీటరుతో ఒకసారి చూసుకోండి, తిరగేస్తే కండెన్సర్ వేడెక్కి పాడవుతుంది. అతికేటప్పుడు పక్కనున్న ట్రాన్సిస్టర్ కాలుని ముక్కుపట్టకారుతో పట్టుకోండి. జర్మేనియం వేడికి తట్టుకోదు. తర్వాత సౌండ్ పూర్తిగా తగ్గించి కరెంటు కొలవండి. 10–20 మిల్లీయాంపులైతే బాగున్నట్టే.

జవాబు 2:
స్టేషన్ల సంగతికి ముందు ముల్లుని కదిపే దారం చూడండి. గ్యాంగ్ (స్టేషన్లు మార్చే కండెన్సర్) పూర్తిగా మూసినప్పుడు ముల్లు డయల్ ఎడమ చివరి గీత మీద ఆగాలి. దారం జారి ముల్లు పక్కకి పోతే కాయిల్ తప్పేమీ లేదు, ముల్లుని సరైన చోటికి జరిపి చుక్క లక్క వేయండి.

ముల్లు సరిగ్గానే ఉంటే అప్పుడు మీరన్న రంగు స్క్రూల్లో ఎరుపు కోర్, అది ఏ స్టేషన్ పలకాలో నిర్ణయించే సిగ్నల్ పుట్టించే ఆసిలేటర్‌ది. ముల్లుని 738 మీద పెట్టి, స్టేషన్ వచ్చేదాకా కోర్‌ని కొద్దికొద్దిగా బయటికి తిప్పండి. ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు: తీసేయగానే ట్యూనింగ్ మారిపోతుంది, కోర్ కూడా చిట్లుతుంది. ప్లాస్టిక్ అల్లిక సూది చివర చెక్కుకుంటే చాలు. తర్వాత యాంటెన్నాగా పనిచేసే ఫెరైట్ కడ్డీ మీది కాయిల్‌ని జరిపి, సౌండ్ గరిష్ఠంగా వచ్చే చోట మైనంతో ఆపండి.

డయల్ రెండో చివర, 1400 దగ్గర మాత్రం గ్యాంగ్ మీది ట్రిమ్మర్లు (చిన్న సర్దుబాటు స్క్రూలు) తిప్పాలి: ముందు ఆసిలేటర్‌ది, తర్వాత యాంటెన్నాది. ఒక చివర మారిస్తే రెండోది కదులుతుంది, అందుకే రెండు మూడుసార్లు అటూ ఇటూ చేయాలి. బలహీనమైన స్టేషన్ మీదే చేయండి. బలమైన స్టేషన్‌కి ఏజీసీ (సౌండ్ని దానంతట అదే సర్దే ఏర్పాటు) సౌండ్ సమం చేసేస్తుంది, గరిష్ఠం ఎక్కడో చెవికి తెలియదు.

పసుపు, తెలుపు, నలుపు కోర్లు 455 కిలోహెర్ట్‌జ్ ఐఎఫ్‌వి. ఎవరూ తిప్పి ఉండకపోతే వాటి జోలికి వెళ్లకండి.

జవాబు 3:
ఏఎఫ్117 రేకు టోపీ లోపలి నుంచి తగరం సన్నని వెంట్రుకల్లా పెరిగి లోపలి తీగలకి తగులుతుంది. సెట్టు ఉన్నట్టుండి మూగబోతే నాలుగు కాళ్లలో షీల్డుది (టోపీకి కలిపినది) కత్తిరించి చూడండి. చాలాసార్లు మళ్లీ పలుకుతుంది.