సమస్య: "రోహిణీకార్తె రోహిణి రూపుమాసె"

ఈ పాదం మొన్న మే నెలాఖరున మా డాబా మీద పుట్టింది. మనవరాలు క్యాలెండర్ చూసొచ్చి, "తాతయ్యా, ఇవాళ రోహిణి కార్తె కదా, రోహిణి ఏది?" అంది. చలికాలంలో అదే డాబా మీంచి గొల్లకావడి, పిల్లలకోడి అనే చుక్కల గుంపుల మధ్య ఎర్రగా వెలిగే ఆ చుక్కను నేనే చూపించాను. ఇప్పుడు చూపిద్దామంటే లేదు. ఇది తేటగీతి పద్యపాదం, దీన్నే చివరి పాదంగా పెట్టి పూరించండి. వచ్చిన పూరణలు, పంపినవారి కలంపేర్లతో ఇవి.

తూర్పుకొండ:

భాను డెదురుగ నిలువగ పగటి కాంతి
లోన మునిగెను తారక, లోచనముల
కందదయ్యెను, కర్షక! కలత యేల?
రోహిణీకార్తె రోహిణి రూపుమాసె

నా మాట: ధార బాగుంది. సమస్యకు అసలు కారణం మొదటి పాదంలోనే పట్టుకున్నారు. సూర్యుడు రోహిణి భాగంలో ఉండే పదమూడు, పధ్నాలుగు రోజులే రోహిణి కార్తె. ఆ చుక్క సూర్యుడితోనే లేచి, సూర్యుడితోనే అస్తమిస్తుంది. ఒక్క మాట మాత్రం మార్చాలి, "ఎదురుగ". సూర్యుడికి ఎదురుగా ఉన్న చుక్క పొద్దుగూకే వేళకు తూర్పున లేచి రాత్రంతా కనిపిస్తుంది. ఆ కార్తెలో అలా లేచేది జ్యేష్ఠ నక్షత్రం. నేను ఆ రాత్రి మనవరాలికి చివరకు చూపించింది దాన్నే, అదీ ఎర్రనిదే. "భాను డడ్డుగ నిలువగ" అంటే గణం చెడదు, అర్థమూ కుదురుతుంది.

కావడికుండ:

రోళ్లు పగిలెడు నెండకు రోసి యేమొ
మగని చల్లని యొడిలోకి మరలె నౌర!
చంద్రు నడుగుడు మీరలు జాడ తెలియ
రోహిణీకార్తె రోహిణి రూపుమాసె

నా మాట: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెతను, చంద్రుడి ఇరవై ఏడుగురు భార్యల్లో రోహిణి మీదే ఆయనకు మక్కువ ఎక్కువన్న పురాణాన్నీ ఒక్క పద్యంలో ఇమిడ్చారు. ఈ పూరణల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఇందులో ఇంకో అందం ఉంది. ఆ కార్తెలో చంద్రుడు రోహిణిని చేరాడంటే సూర్యుడి దగ్గరికి వచ్చినట్టే, అంటే అమావాస్య వేళ. మగడూ కనబడడు, ఆలీ కనబడదు!

నాగేటిచాలు:

నిత్య మొక నాల్గు నిముషాలు నింగి ముందె
పడమటికి జారి యొకనాడు భానుఁ జేరి
వెలుగు మాటున దాగెను, వెదక నేల?
రోహిణీకార్తె రోహిణి రూపుమాసె

నా మాట: "నింగి" యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జోడీ అక్షరం) కోసం వచ్చినట్టుంది. "నింగిలో" అని చదువుకుంటే అన్వయం కుదురుతుంది. నాలుగు నిమిషాల లెక్క నూటికి నూరుపాళ్లు నిజం.

కొత్తచిగురు: గురువుగారూ, ఆ నాలుగు నిమిషాలు ఎక్కడివి?

నా మాట: భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాలు. ఈలోగా సూర్యుడి చుట్టూ తన దారిలో దాదాపు ఒక డిగ్రీ ముందుకు జరుగుతుంది. సూర్యుడు మళ్లీ నడినెత్తికి రావాలంటే ఆ ఒక్క డిగ్రీ అదనంగా తిరగాలి. మన గడియారం నడిచేది సూర్యుణ్ణి బట్టి. అందుకే చుక్కలు రోజుకు 4 నిమిషాలు ముందే లేస్తాయి. నెలకు 2 గంటలు, ఏడాదికి 24 గంటలు, అంటే మళ్లీ మొదటికి. ఈ రాత్రి పదింటికి కనిపించే చుక్కలే నెల తర్వాత ఎనిమిదింటికి అక్కడే కనిపిస్తాయి. నెల ఆగలేకపోతే ఈ రాత్రే రెండు గంటలు మేలుకోండి, వచ్చే నెల ఆకాశం మీ ముందుంటుంది.

కొత్తచిగురు: అర్థమైంది. నా మొదటి పద్యం ఇది, టెన్షన్‌గా ఉంది.

కార్తికంబున తూర్పున కాంతులీని
చలిని మెరిసిన యాచుక్క నేడు లేదు
పగలె తిరుగుచు నున్నది భాను వెంట
రోహిణీకార్తె రోహిణి రూపుమాసె

నా మాట: టెన్షన్ వద్దమ్మా. రెండో పాదంలో చ-కి నే-తో యతి కుదరలేదు, అంతే. "జాడ లేదు" అని మార్చు. మూడో పాదం చదివి చాలాసేపు ఆగిపోయాను. చుక్క ఎక్కడికీ పోలేదు, పగలు మన నెత్తి మీదే నడుస్తోందని ఎంత తేలిగ్గా చెప్పావు!

కొత్తచిగురు: సరిచేశాను, ధన్యవాదాలండీ. మళ్లీ ఎప్పుడు కనిపిస్తుంది?

నా మాట: మబ్బు లేకపోతే జూన్ నెలాఖరుకు, తెల్లవారుజామున తూర్పున. మనవరాలు తనను లేపమని ఇప్పటికే చెప్పింది.