ప్రైవేటు ఉద్యోగ దరఖాస్తులో ఆధార్, కులం, ఇంటి చిరునామా రాయాలా?

ప్రశ్న: అన్నా, నమస్కారం. నేను నల్లగొండలో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేశాను. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఉన్న మందుల కంపెనీలకు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. ఇంటర్నెట్ సెంటర్‌లో చేయించిన బయోడేటాలో నాన్న పేరు, కులం, పుట్టిన తేదీ, పెళ్లి అయిందా లేదా అన్నది, ఇంటి నంబరు, ఆధార్ నంబరు అన్నీ పెట్టారు. ఇవి తీసేస్తే దరఖాస్తు పక్కన పడేస్తారేమోనని ఇంట్లో భయపడుతున్నారు.

సమాధానం: చెల్లెమ్మా, సంకోచించకుండా తీసేయండి. మిమ్మల్ని ఇంటర్వ్యూకు పిలవాలా వద్దా అని చూసేవారికి మీ చదువు, మార్కులు, ల్యాబులో మీరు సొంతంగా చేయగలిగిన పని, ఒక ఫోన్ నంబరు, ఒక ఈమెయిల్ చాలు. చిరునామా దగ్గర ఊరి పేరు రాస్తే సరిపోతుంది. ఖాళీ అయిన ఆ నాలుగైదు వరుసల్లో టైట్రేషన్లు, పీహెచ్ మీటరు వంటి ప్రాక్టికల్స్ గురించి రాయండి. క్వాలిటీ కంట్రోల్ వాళ్లు నిజంగా చదివేది అదే.

ఆ వివరాలు ఎప్పటికీ ఇవ్వనక్కరలేదని నేను అనడం లేదు. ఉద్యోగం ఖాయమై ఆఫర్ లెటర్ చేతికొచ్చాక పీఎఫ్ ఫారంలో తండ్రి పేరు, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా అడుగుతారు, వయసు రుజువుకు పదో తరగతి మెమో చూస్తారు, జీతం ఇ.ఎస్.ఐ. (ఉద్యోగుల వైద్య బీమా) పరిధిలో ఉంటే కుటుంబ సభ్యుల వివరాలూ తీసుకుంటారు. అప్పుడు అవి అవసరం, మీరు వాటిని నేరుగా కంపెనీకే ఇస్తారు. ఇప్పుడైతే మీ కాగితం ఎందరి ఫోన్లలోకి వెళుతుందో మీకు తెలియదు.

అంతకుముందే ఎవరైనా గుర్తింపు కార్డు తప్పనిసరి అంటే, ఆధార్ వెబ్‌సైటులో మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగే ఉంటాయి. జిరాక్సు మీద కంపెనీ పేరు, తేదీ వేసి, "ఈ దరఖాస్తు కొరకు మాత్రమే" అని అడ్డంగా రాయండి. ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్‌లోని డౌన్‌లోడ్స్‌లో మీ ఫైలు మిగిలి ఉంటుంది కాబట్టి, దాన్ని మీ కళ్లముందే తొలగించమనండి. అక్కడ మెయిల్, వాట్సాప్ తెరిచి ఉంటే లాగౌట్ చేయండి. చాలామంది మరచిపోయేది ఇక్కడే.

ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రం ఈ సలహా వర్తించదు. టీజీపీఎస్సీ (తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్) దరఖాస్తులో రిజర్వేషన్ కోసం కులం, స్థానికత కోసం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నది ఉన్నదున్నట్టు నింపాలి.

ప్రశ్న: ధన్యవాదాలు అన్నా. ఒక కన్సల్టెన్సీ అతను ఆధార్, పాన్ ఫొటోలు వాట్సాప్‌లో పంపి, రిజిస్ట్రేషన్‌కు డబ్బు కట్టమంటున్నాడు. పంపవచ్చా?

సమాధానం: పంపకండి, డబ్బూ కట్టకండి. ఏ కంపెనీలో ఏ ఉద్యోగమో రాతపూర్వకంగా అడగండి. ఆ కంపెనీ వెబ్‌సైటులో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి, అతను వారి తరఫు మనిషేనా అని తేల్చుకోండి. ఓటీపీ అడిగితే అసలు చెప్పవద్దు. ఒకవేళ ఇప్పటికే డబ్బు పంపి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. అతనితో జరిగిన వాట్సాప్ సంభాషణను, కాల్ వివరాలను తుడిచేయకండి.