విత్తన బంగాళాదుంపలో పేనుబంక: ఆకుల మీది లెక్క చూసి మందు కొట్టవచ్చా?

చింతామణి (ప్రశ్న):
ఏటా బెంగళూరు యశ్వంతపురం మార్కెట్ యార్డులో విత్తన దుంప కొనే ఖర్చు తగ్గించుకోవాలని ఈసారి ఒక ఎకరాన్ని విత్తనానికే వదిలాము. పేనుబంక వైరస్ రోగాలను మోసి విత్తన దుంపను పాడుచేస్తుంది కదా, వంద ఆకులకు ఇరవై పేనుబంక పురుగులు కనబడగానే మందు కొట్టాలని కొందరు, ఆ లెక్క మన వైపు చెల్లదని మరికొందరు అంటున్నారు. బెంగళూరు చుట్టుపక్కల పండించేవారు కారణాలతో సహా చెప్పగలరు.

మాలూరు:
ఆ లెక్కను అంత తేలికగా కొట్టిపారేయకూడదు. పుష్కర్‌నాథ్ అనే శాస్త్రవేత్త గారి కాలంలో కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ రూపొందించిన విత్తన పద్ధతికి ఆధారమే అది. పంజాబు మైదానాల్లో అక్టోబరులో నాటి, చలికి పేనుబంక తక్కువగా ఉన్న రోజుల్లోనే పైరు పెంచి, సంఖ్య ఇరవైకి చేరకముందే డొంకలు (నేల పైని కాండం, ఆకులు) కోసేయడం వల్లనే జలంధరు విత్తనం హాసన్ వరకు వస్తున్నది. పైగా ఆకుచుట్ట వైరస్‌ను అంటించడానికి పురుగు గంటల తరబడి రసం పీల్చాలి, ఆ తరువాత కూడా వైరస్ దాని ఒంట్లో తిరిగి లాలాజలానికి చేరేదాకా సుమారు ఒక రోజు పడుతుంది. ఆ వ్యవధిలో మందు దానిని చంపగలదు కనుక, విత్తన దుంపకు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పట్టించి, ఆపైన ఆకుల లెక్కను బట్టి పిచికారీ చేయడం సబబే.

హెబ్బాళ:
మాలూరు వారు ఆకుచుట్ట గురించి చెప్పినదంతా నిజమే. అయితే ఆ ఇరవై అన్న గీత డొంకలు ఎప్పుడు కోయాలో చెప్పడానికి గీసినది, మందు ఎప్పుడు కొట్టాలో చెప్పడానికి కాదు. చలికాలం పేనుబంకను అణచిపెట్టే చోట ఆ గీతకు అర్థముంది. కోలారు, చిక్కబళ్ళాపురం వైపు చలి అంతగా ఉండదు. మిరప, వంగ, టమోటా, కోసు ఏడాది పొడవునా పొలాల్లో ఉంటాయి కాబట్టి పచ్చ పేనుబంక మగవాటితో పని లేకుండానే పిల్లలను కంటూ, ఒక పైరు నుంచి మరొక పైరుకు మారుతూనే ఉంటుంది.

అంతకన్నా పెద్ద చిక్కు పేనుబంక మోసే మరో రోగకారి అయిన వై వైరస్‌తో వస్తుంది. ఆ వైరస్ పురుగు కడుపులోకి పోనక్కరలేదు. ముక్కుసూది కొననే అంటుకొని ఉంటుంది. రోగం ఉన్న ఆకును కొన్ని క్షణాలు గుచ్చి చూస్తే అంటుతుంది, పక్క మొక్కను అదే విధంగా గుచ్చితే దిగిపోతుంది. ఏ మందూ అంత వేగంగా చంపలేదు. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు కొడితే పురుగులు కదిలిపోయి మరిన్ని మొక్కలను గుచ్చే ప్రమాదం కూడా ఉంది. పేనుబంకను తినే అక్షింతల పురుగులు కూడా చచ్చిపోవడం వేరే నష్టం. ఇంకొక సంగతి: బంగాళాదుంప మీద కాపురం పెట్టని జాతుల రెక్కల పేనుబంక కూడా దారిలో వాలి, రుచి చూసి, నచ్చక లేచిపోతూ ఈ వైరస్‌ను మోస్తుంది. అవి ఆకుల లెక్కలోకి రానే రావు. వాటిని పట్టాలంటే పైరు ఎత్తున పసుపు రంగు పళ్ళెం పెట్టి, నీటిలో రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి, పడిన రెక్కల పురుగులను రోజూ భూతద్దంతో చూడాలి.

ఆకులు లెక్కపెట్టేవారు చాలామంది వంగకుండా పై ఆకులే తిప్పి చూస్తారు. పచ్చ పేనుబంక ఎక్కువగా ముదిరిన కింది ఆకుల అడుగున ఉంటుంది కాబట్టి, పై, నడిమి, కింది ఆకులు మూడూ చూడని లెక్క దేనికీ పనికిరాదు.

మాలూరు:
మందు వద్దంటే దాని స్థానంలో ఏమి చేయాలి? వైరస్ అంటుకోకుండా ఖనిజ నూనె కొట్టమంటారేమో. ముంగారులో వాన కడిగేస్తుంది, వారానికొకసారి కొత్త ఆకులకు మళ్ళీ కొట్టాలి, మండే ఎండలో ఆకు మాడుతుంది. బంగాళాదుంప తెగులు మందులు కొన్నిటితో దానిని కలపకూడదు కూడా.

హెబ్బాళ:
ఆ కష్టాలు ఉన్నవే, అందుకే నేను నూనెను మూడో స్థానంలో పెడతాను. మొదటిది, వైరస్ లేని విత్తనం. పొలంలోనే రోగపు మొక్క లేకపోతే, పేనుబంక బయటి నుంచి తెచ్చినదే తప్ప లోపల పంచడానికి ఏమీ ఉండదు. టిష్యూ కల్చరు (ప్రయోగశాలలో కణజాలం నుంచి పెంచిన) మొక్కల కొమ్మ కొనలకు వేరు పట్టించి పెంచే కొమ్మ నారు ఇప్పుడు కర్ణాటకలో దొరుకుతున్నది. దానితో మొదలుపెట్టడం మేలు. రెండవది, మొలిచిన నెల లోపలే వరుస వరుసకూ తిరిగి రోగపు మొక్కలను దుంపతో సహా పీకి, సంచిలో వేసి బయటికి తీసుకుపోవడం. విత్తనం ద్వారా వచ్చిన ఆకుచుట్టను గుర్తించడం కష్టం కాదు: కింది ఆకులు దొన్నెలాగా పైకి చుట్టుకొని, తోలులాగా గట్టిపడి, చేత్తో రాస్తే గలగలమంటాయి. వై వైరస్ మొజాయిక్ (ఆకు మీద లేత, ముదురు పచ్చ మచ్చలు) మాత్రం ఎండలో సరిగా కనబడదు, మబ్బు పట్టినప్పుడో, మన నీడ ఆకు మీద పడేలా నిలబడో చూడాలి.

చుట్టూ నాలుగు వరుసల జొన్న వేసుకుంటే, వచ్చే రెక్కల పురుగులు ముందుగా దానిని గుచ్చి ముక్కు తుడుచుకుంటాయి. ఇమిడాక్లోప్రిడ్ పట్టించడాన్ని నేను కాదనను, అది ఆకుచుట్టకే అని తెలిసి వాడాలి. పచ్చ పేనుబంక ఎన్నో మందులకు తట్టుకోవడం నేర్చిన పురుగు, కాబట్టి పిచికారీలోనూ అదే వర్గం మందు వాడకూడదు.

చింతామణి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పొలానికి పడమర మా పాలివారి మిరప తోట ఉంది, గాలి కూడా అటు నుంచే వీస్తుంది. జొన్న నాలుగు వైపులా వేసే స్థలం లేదు. పడమర వైపు మాత్రమే ఎక్కువ వరుసలు వేస్తే సరిపోతుందా?

హెబ్బాళ:
సరిపోదు. గాలి వాటం మారుతుంటుంది. స్థలం లేకపోతే మూడు వైపులా రెండేసి వరుసలు, పడమర ఐదు వేయండి; బంగాళాదుంప కన్నా ముందుగా విత్తితేనే అది ఎత్తుకు వస్తుంది. మిరపలో మొజాయిక్ ఇప్పటికే కనబడుతుంటే మాత్రం ఆ ఎకరాన్ని తినే దుంపకు వదిలి, విత్తనాన్ని వేరే చోట వేసుకోండి.