ఆ పేర్ల లిస్టుల్లో నిజంగా ఆత్మీయ అర్థం ఉందా, లేక మనమే నింపుతున్నామా?

పేజీలు_తిప్పేవాణ్ణి:
అందరికీ వందనాలు. ఏడాదిలో బైబిల్ మొత్తం చదవాలని జనవరిలో మొదలుపెట్టా, ప్రతి ఏడూ లేవీయకాండంలోనే ఆగిపోయేవాణ్ణి, ఈసారి దాన్ని దాటేసి తీరా 1 దినవృత్తాంతములు దగ్గర ఇరుక్కుపోయా. తొమ్మిది అధ్యాయాలు అన్నీ పేర్లే. "ఆదాము, షేతు, ఎనోషు" అని మొదలవుతుంది, మధ్యలో ఒక్క క్రియాపదం కూడా లేదు. మా పాస్టర్ గారేమో ఆదాము నుంచి నోవహు దాకా పది పేర్ల అర్థాలు వరసగా పెడితే సువార్త అంతా ఒక వాక్యంలా వస్తుందని చెప్పారు, నేను స్టేటస్ కూడా పెట్టుకున్నా. నిన్న ఆఫీసులో ఒకతను అదంతా వాట్సాప్ హీబ్రూ అని నవ్వాడు. అందుకే అడుగుతున్నా. ఈ వంశావళులకి ఆత్మీయ అర్థం ఉందా, లేక ఖాళీగా కనబడితే భరించలేక మనమే ఏదో ఒకటి పెట్టేస్తున్నామా?

దస్తావేజుల_లేఖరి:
ముప్పై ఏళ్ళుగా రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా కూర్చుని రాస్తున్నవాణ్ణి, నాకు మాత్రం అవి చూడగానే ఇది మా సరుకే అనిపించిందండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వంశవృక్షం, వాటా ఎవరిది, అంతే. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కూతుళ్ళు అయిదుగురు మోషే ముందుకొచ్చి మా నాన్నకి కొడుకుల్లేరు, అంతమాత్రాన ఆయన పేరు వంశంలోంచి ఎందుకు కొట్టేయాలి, మాకూ భూమి ఇవ్వండి అంటారు కదా. పేరు, భూమి ఒకటే వాక్యంలో ఉన్నాయి చూడండి. ముందు అధ్యాయంలో జనాభా లెక్క రాసుకున్నారు, వెంటనే వారసత్వం కేసు వచ్చింది. ఇందులో ఆత్మీయం ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

కీర్తన_సిస్టర్:
లేఖరి అన్నయ్యగారూ, ఆదికాండము 5 ఏ భూమి తగాదా కోసం రాశారో చెప్పండి? అక్కడ ఎకరం కూడా లేదు. ప్రతి మనిషి దగ్గరా ఇన్నేళ్ళు బ్రదికెను, కుమారులను కుమార్తెలను కనెను, "అప్పుడతడు మృతిబొందెను". మళ్ళీ అదే, మళ్ళీ అదే, చావు డప్పులాగా. 930 ఏళ్ళు బతికినా అదే మాట, 969 ఏళ్ళు బతికిన మెతూషెలకీ అదే మాట. ఒక్క హనోకు దగ్గర మాత్రం ఆ దెబ్బ పడదు, 365 ఏళ్ళకే దేవుడు తీసుకుపోయాడు అని ఉంటుంది. అందరికంటే తక్కువ బతికింది ఆయనే. ఊరికే రికార్డు రాసుకునే గుమాస్తా అయితే "మృతిబొందెను" అని పదే పదే ఎందుకు రాస్తాడు? తర్వాతవాడు పుట్టాడంటే సరిపోతుందిగా, 11వ అధ్యాయంలో షేము సంతతి దగ్గర అలాగే రాశారు కూడా, ఆ మాట లేకుండా. అంటే 5లో కావాలనే పెట్టారు.

అచ్చుల_హల్లుల_చారి:
సిస్టర్ చెప్పినదానికి నా ఓటు, కానీ పాస్టర్ గారి పది పేర్ల వాక్యానికి మాత్రం వెయ్యను. నేను ఏదో సరదాకి హీబ్రూ నేర్చుకుంటున్నా, పండితుణ్ణి కాదు. ఆ లిస్టులో కేయినాను అంటే దుఃఖం అంటారు, దానికోసం విలాపగీతం అనే వేరే మాట తెచ్చి అతికించారు. మెతూషెల అంటే "అతని చావుతో వచ్చును" అంటారు, కానీ మెతు అంటే మనిషి అనే ఎక్కువమంది తీసుకుంటారు, షెలహ్ అంటే ఈటె లాంటి ఆయుధం. నోవహు ఒక్కడికే ఆ అధ్యాయం తనంతట తాను అర్థం చెప్తుంది, వీడు మనకి నెమ్మది కలగజేస్తాడని తండ్రి అంటాడు. మిగతావాళ్ళకి చెప్పలేదు, చెప్పనిచోట మనం డిక్షనరీ పట్టుకుని లాగడం ఎందుకు?

ఇంకోటి, ముందు అధ్యాయంలో తమ్ముణ్ణి చంపిన కయీను వంశం చూడండి. హనోకు, ఈరాదు, మహూయాయేలు, మతూషాయేలు, లెమెకు. ఆదాము ఇంకో కొడుకు షేతు వంశంలో హనోకు, యెరెదు, మహలలేలు, మెతూషెల, లెమెకు. దాదాపు అవే పేర్లు! పేర్లలోనే సువార్త దాగుంటే హంతకుడి వంశంలో కూడా సగం సువార్త ఉన్నట్టే. అసలు తమాషా వేరే చోట ఉంది. ఆదాము నుంచి లెక్కపెడితే కయీను వైపు ఏడోవాడు లెమెకు, నాకు డెబ్బది యేడంతలు ప్రతీకారం అని పెళ్ళాల ముందు గొప్పలు చెప్పుకునేవాడు. షేతు వైపు ఏడోవాడు హనోకు, దేవునితో నడిచినవాడు. షేతు వైపు లెమెకుకి 777 ఏళ్ళు ఇచ్చారు. రాసినవాడికి ఏడు అంకె మీద కన్నుంది, అది మాత్రం కల్పన కాదు. రూతు గ్రంథం చివర పెరెసు నుంచి దావీదు దాకా పది పేర్లలో కూడా ఏడో స్థానం రూతుని పెళ్ళాడిన బోయజుదే.

దస్తావేజుల_లేఖరి:
ఏడో నంబరులో కూర్చోబెట్టాలంటే మధ్యలో కొందరిని లేపెయ్యాలి కదండీ. ఎజ్రా 7లో ఎజ్రా తన వంశం చెప్పుకున్నప్పుడు 1 దినవృత్తాంతములు 6తో పోలిస్తే మధ్యలో ఆరు పేర్లు లేవు. మా దగ్గర ఇలా ఎవరైనా వంశవృక్షం తెస్తే తిప్పి పంపిస్తాం.

అచ్చుల_హల్లుల_చారి:
😂 లేపేస్తారు, ఒప్పుకుంటా. అలా లేపేస్తున్నారంటేనే అది ఒట్టి రికార్డు కాదన్నమాట కదా గురూ, మీ వాదన మీరే కొట్టేసుకున్నారు.

హైఫా_నుంచి:
అన్నలూ నమస్తే. మాది నిజామాబాద్ దిక్కు, ఈడ హైఫాల ఒక ముసలాయనకు కేర్‌గివర్‌గ పనిచేస్తున్న. మీరు పాత పుస్తకం లెక్క మాట్లాడుతున్నరు గని ఈడ ఇయ్యాల్టికి నడుస్తుంది అది. సినగాగ్ల, అంటే యూదుల ప్రార్థన మందిరంల, తోరా (మోషే అయిదు పుస్తకాలు) చదువనీకి పిలిస్తే ఫలానాయన కొడుకు ఫలానాయన అని పిలుస్తరు, మోషే అన్న, పూజారి అహరోను వంశమని చెప్పుకునే కోహెన్‌ను ముందుగాల పిలుస్తరు. రోగమొచ్చినోని కోసం ప్రార్థన చేస్తే మాత్రం తల్లి పేరు చెప్తరు, నాకది మస్తు మంచిగనిపించింది. యూదుల పెండ్లిళ్లు రబ్బీల (మతగురువుల) ఆఫీసు చేతుల ఉంటయి, కోహెన్ అయితే విడాకులైన ఆమెను, మతం మారొచ్చిన ఆమెను చేస్కోనీకి లేదంటరు. గట్లనే బయటి నుంచి యూదుడైనోణ్ణి "అబ్రాహాము కొడుకు" అనే పిలుస్తరు. వాని అసలు నాయిన పేరు గాదు. అంటే ఒక్కటే ఇంట్ల రెండు తీర్లు ఉన్నయన్నట్టు, రక్తం లెక్కా ఉంది, రక్తం లేని లెక్కా ఉంది.

పల్లె_చర్చి_పిల్లాడు:
ఇదే నేను అడగాలనుకుంది. క్షమించాలి కొంచెం ఘాటుగా రాస్తున్నా. వంశావళి అనే మాట వింటేనే మా ఇళ్ళల్లో ఒళ్ళు మండుతుంది. మా తాత పేరు తెలుసు, ఆయన నాన్న పేరు మా నాన్నకి కూడా సరిగ్గా తెలీదు, ఊళ్ళో పెద్దోళ్ళకేమో పిచ్చుకుంట్లవాళ్ళు వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు పాడి వెళ్ళేవాళ్ళు. మన తెలుగు బైబిల్లో ఇశ్రాయేలు "గోత్రములు" అని చదివినప్పుడల్లా ఇదీ అదే కదా అనిపించేది. ఎజ్రా 2 చూడండి, యూదులు బబులోను చెర నుంచి తిరిగొచ్చాక హబాయా, హక్కోజు, బర్జిల్లయి ఇళ్ళవాళ్ళు మేము యాజకులం అంటే పుస్తకాల్లో వెతికారు, పేర్లు దొరకలేదు, అపవిత్రులని పక్కన పెట్టేశారు. సర్టిఫికెట్ లేదు కాబట్టి దేవుడి దగ్గరికి రావద్దు. దీనికి ఆత్మీయ అర్థం చెప్పండి ఎవరైనా.

అచ్చుల_హల్లుల_చారి:
తమ్ముడూ, గోత్రం మాట గురించి ముందు ఒకటి చెప్తా. హీబ్రూలో అక్కడున్న మాట "షేవెత్", దాని మొదటి అర్థం కర్ర, పెద్ద చేతిలో పట్టుకునే దండం. ఒకే దండం కింద నడిచే మంద. అనువదించినవాళ్ళు గోత్రం అని పెట్టేసరికి మన ఋషులూ ప్రవరలూ అన్నీ దానివెంట ఇంట్లోకొచ్చేశాయి. అలాగే వంశావళికి "తోలెదోత్" అని ఉంటుంది, కనడం అనే ధాతువు. ఆదికాండము 2:4లో ఆకాశానికీ భూమికీ కూడా అదే మాట వాడారు, మనకి అక్కడ "ఉత్పత్తిక్రమము" అని ఉండటంతో తెలుగులో ఆ లింకు తెగిపోయింది. ఆ పుస్తకం దృష్టిలో ఆకాశానికి కూడా వంశావళి ఉందన్నమాట, ఇది కులం లెక్కలో ఇమడదు కదా.

కానీ ఎజ్రా 2 గురించి నువ్వన్నది నిజమే, దాన్ని తేనె పూసి మింగించలేను. యెరూషలేము గుడి క్రీ.పూ. 586 ప్రాంతంలో తగలబడింది, రాజు లేడు, పొలాలు లేవు, 538లో పారసీక రాజు కోరెషు వెళ్ళమంటే తిరిగొచ్చారు, వాళ్ళ చేతిలో మిగిలింది పేర్లే. దినవృత్తాంతముల 9వ అధ్యాయం కూడా అలా వచ్చి యెరూషలేములో కాపురం పెట్టినవాళ్ళ లిస్టే. పేర్లు పట్టుకుని వేలాడారు. వేలాడేవాడు పక్కవాణ్ణి తన్నేస్తాడు కూడా.

కీర్తన_సిస్టర్:
తమ్ముడూ, రూతు కూడా అదే బైబిల్లో ఉందమ్మా. ద్వితీయోపదేశకాండము 23లో మోయాబీయులు పదో తరం వరకు సమాజంలో చేరకూడదు అని ఉంది. రూతు మోయాబు పిల్ల. ఆమె కథ చివర వంశావళిలో పదో పేరు ఎవరిదో తెలుసా, దావీదుది!! పైగా ఆ లిస్టు మొదలయ్యే పెరెసు ఎవరు, తామారుకి మామ యూదా వల్ల పుట్టినవాడు. అలాంటి చోట మొదలుపెట్టి మోయాబు మీదుగా రాజు దగ్గరికి వచ్చింది. యూదు పండితులు తర్వాత ఆ నిషేధం మోయాబు మగవాళ్ళకే గాని ఆడవాళ్ళకి కాదని తీర్పు చెప్పుకున్నారని విన్నాను.

అచ్చుల_హల్లుల_చారి:
అవును, మిష్నాలో ఉంది, అంటే యూదు పండితుల పాత తీర్పుల సంకలనంలో. అదే మిష్నాలో ఇంకో మాట, దేవుడు మొదట మనిషిని ఒక్కణ్ణే ఎందుకు చేశాడంటే మా నాన్న మీ నాన్నకంటే గొప్ప అని ఎవడూ అనకుండా ఉండటానికట. వంశావళికి మొదటి పేరు ఆదాము అని పెట్టడమే కులగర్వానికి మందు అని వాళ్ళు చదివారు. అలాగని అందరూ మంచివాళ్ళని కాదు, బబులోను నుంచి పది తరగతుల జనం వచ్చారు, ఎవరు ఎవర్ని చేసుకోవచ్చు అని లెక్కలు రాసింది కూడా అదే మిష్నా. ఆ పక్కనే అక్రమసంతానమైనా సరే చదువుకున్నవాడు చదువురాని ప్రధాన యాజకుడికంటే ముందు అని కూడా రాసింది. వాళ్ళలో వాళ్ళకే తేలలేదు. 12వ శతాబ్దంలో ఓబద్యా అనే, యూదు మతంలోకి మారినాయన, నేను "మా పితరుల దేవా" అని ప్రార్థించొచ్చా అని అప్పటి పెద్ద యూదు పండితుడు మైమోనిదెసుకి ఉత్తరం రాశాడు. అనొచ్చు అన్నాడాయన. మా వంశం అబ్రాహాము దగ్గరికి వెళ్తుంది, నీ వంశం లోకాన్ని పలికి పుట్టించినవాడి దగ్గరికే వెళ్తుంది, నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు అని జవాబిచ్చాడు.

పల్లె_చర్చి_పిల్లాడు:
ఈ ఉత్తరం సంగతి ఎవరూ చెప్పలేదే ఇన్నాళ్ళు.

దస్తావేజుల_లేఖరి:
రూతు పేరు వచ్చింది కాబట్టి నా సరుకు కూడా ఒకటి పెడతా. నాలుగో అధ్యాయం అచ్చంగా రిజిస్ట్రేషనే, పదిమంది సాక్షులు, చెప్పు విప్పి ఇవ్వడం, అన్నీ. బోయజుకంటే దగ్గరి బంధువు ఒకడుంటాడు, పొలం కొంటా అంటాడు, రూతుని కూడా చేసుకోవాలి, చచ్చినవాడి పేరు నిలబెట్టాలి అనగానే అమ్మో నా ఆస్తి పాడవుతుందని తప్పుకుంటాడు. అంత జాగ్రత్తపరుడి పేరు ఏమిటా అని వెతికా, ఎక్కడా లేదు!

అచ్చుల_హల్లుల_చారి:
హీబ్రూలో బోయజు అతన్ని "పెలోనీ అల్మోనీ" అని పిలుస్తాడు. అంటే ఫలానావాడా అని. మనం ఉర్దూ మీదుగా తెచ్చుకున్న ఫలానా అరబీ "ఫులాన్" నుంచి వచ్చింది, పెలోనీ దానికి చుట్టం మాటే. ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషిని కావాలనే ఫలానాగాడు చేసి వదిలేశారు. తమాషా ఏమిటంటే ఎవరి పేరు నిలబెట్టాలని ఇదంతా చేశారో ఆ మహ్లోను, అంటే చనిపోయిన రూతు మొదటి భర్త, కూడా చివరి లిస్టులో లేడు, బోయజు ఓబేదును కనెను అనే ఉంది.

దస్తావేజుల_లేఖరి:
ఇది నాకు తట్టలేదండి. మాలో కూడా ఇంతే, వాటా పోతుందని పెద్దకర్మకి రానివాళ్ళున్నారు. సరే, ఈ ఒక్కచోట ఒట్టి కాగితం కాదని ఒప్పుకుంటా. ఒక్కచోటే.

పేజీలు_తిప్పేవాణ్ణి:
స్టేటస్ తీసేశా. మీరు ఇంతసేపు మాట్లాడుతుంటే మళ్ళీ ఆ తొమ్మిది అధ్యాయాలు తిరగేశా, షేషాను అని ఒకాయనకి కొడుకుల్లేకపోతే కూతుర్ని ఐగుప్తు దాసుడు యర్హాకిచ్చి చేశాడు, ఆ దాసుడి పిల్లలు యూదా వంశంలోనే పదమూడు తరాలు లెక్కకొచ్చారు. షెయెరా అనే ఆమె బేత్‌హోరోను ఊళ్ళు కట్టించిందట, ఒక్క వచనం. మొన్న ఇవన్నీ వేలితో జరిపేశాను.

అచ్చుల_హల్లుల_చారి:
జరిపేసేది నువ్వొక్కడివే కాదులే. మిష్నా మీద యూదు పండితుల చర్చల గ్రంథం తల్ముదులో ఒక మాటుంది, 8వ అధ్యాయంలో ఆజేలు అనే పేరు వస్తుంది, 9వ అధ్యాయం చివర మళ్ళీ అదే ఆజేలు. ఈ రెండు ఆజేలుల మధ్య వ్యాఖ్యానాలే 400 ఒంటెలు మోసేంత ఉండేవట. అవి మనదాకా రాలేదు.

పల్లె_చర్చి_పిల్లాడు:
లేఖరి గారూ ఒకటి అడగనా. ఎజ్రా 2లో ఆ మూడు ఇళ్ళవాళ్ళని దేవుడి నిర్ణయం అడిగే ఊరీము తుమ్మీము పట్టుకునే యాజకుడు వచ్చేదాకా ఆగమన్నారు. వచ్చాడా?

దస్తావేజుల_లేఖరి:
వచ్చినట్టు ఎక్కడా చదవలేదు బాబూ. పెండింగ్ ఫైలు.

కీర్తన_సిస్టర్:
ఆగండి ఆగండి. నెహెమ్యా 3లో గోడ కట్టినవాళ్ళలో మెరేమోతు అనే ఆయన ఉన్నాడు, ఊరియా కొడుకు, హక్కోజు మనవడు అని రాసి ఉంది. ఎజ్రా 8:33లో ఊరియా కొడుకు మెరేమోతు యాజకుడిగా గుడి వెండి బంగారాలు తూకం వేయించుకుంటాడు. ఇద్దరూ ఒకరే అయితే?

దస్తావేజుల_లేఖరి:
అయితే హక్కోజు వాళ్ళ ఫైలు కదిలినట్టే! మిగతా ఇద్దరిదీ?

కీర్తన_సిస్టర్:
చూస్తున్నా అన్నయ్యగారూ, ఇంకా దొరకలేదు.