ఓపెన్ సోర్స్ లైబ్రరీలను పరిపక్వత, కమ్యూనిటీ మద్దతులను బట్టి వర్గీకరించడం ఎలా?

తుంగభద్ర (ప్రశ్న):

నమస్కారం. ఆసుపత్రుల్లో బిల్లులు, రోగుల రికార్డులు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని మేము తొమ్మిదేళ్లుగా తయారుచేసి నడుపుతున్నాం. అందులో ఏయే ఓపెన్ సోర్స్ లైబ్రరీలు (కోడ్ బహిరంగంగా ఉండి, ఎవరైనా తమ సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకోగల సిద్ధ భాగాలు) వాడామో, వాటిని ఎంతవరకు నమ్మవచ్చో రాసి ఇమ్మని ఈ మధ్య ఒక ఆసుపత్రి యాజమాన్యం అడిగింది. లెక్క తీస్తే మేము నేరుగా తెచ్చుకున్నవి 64 తేలాయి. వాటి వెనుక వచ్చి చేరినవి, అంటే అవి ఆధారపడే ఇతర లైబ్రరీలు, అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయి.

కోడ్ ఉంచే సైట్ గిట్‌హబ్‌లో స్టార్లు (మెచ్చినవారి గుర్తులు), ఏడాదిలో వచ్చిన కమిట్లు (కోడ్‌లో నమోదైన మార్పులు), చివరి రిలీజ్ తేదీ, ఈ మూడింటికీ మార్కులు వేసి, కూడి, ఎ, బి, సి అని వర్గాలు చేశాను. వచ్చిన ఫలితం నాకే నమ్మబుద్ధి కావడం లేదు. రసీదులను పీడీఎఫ్‌గా మార్చే చిన్న లైబ్రరీ ఒకటి మూడేళ్లుగా కొత్త రిలీజ్ లేనందువల్ల సి లో పడింది. ఇన్నేళ్లలో అది మమ్మల్ని ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు. తెర మీద పట్టికలు చూపించే మరొకటి ఎ లో నిలిచింది. దాని కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మా కోడ్‌ను తిరగరాసుకోవలసి వస్తోంది. పద్ధతిలో లోపం ఎక్కడుంది? పెద్ద సంస్థలు దీన్ని ఎలా చేస్తాయి?

నల్లరేగడి:

లోపం ఆ కూడికలోనే ఉంది. పరిపక్వత అంటే ఆ కోడ్ ఎంత స్థిరపడింది అన్నది. మద్దతు అంటే రేపు అందులో లోపం బయటపడితే సరిచేయడానికి ఎవరున్నారు అన్నది. ఈ రెండింటినీ ఒకే అంకెలో కలిపితే రెండూ కనబడకుండా పోతాయి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ లైబ్రరీని చూడండి: బయటివారి కోడ్‌ను సాధారణంగా తీసుకోరు, రాసేది గుప్పెడు మంది, అయినా 2050 వరకు నిర్వహించాలన్నది తమ సంకల్పమని వారు బహిరంగంగా ప్రకటించారు. మీ మార్కుల పద్ధతి ఈ తేడాను పట్టుకోలేదు.

పెద్ద సంస్థల సంగతి అడిగారు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నీడనిచ్చే అపాచీ ఫౌండేషన్‌లోకి వచ్చే కొత్త ప్రాజెక్టులు ముందుగా ఇంక్యుబేటర్ అనే ప్రవేశ దశలో ఉంటాయి, చురుకుదనం పోయినవి అటిక్ అనే విభాగంలోకి చేరతాయి. ఇంక్యుబేటర్‌లో ఉన్నంత మాత్రాన కోడ్ అసంపూర్ణమనో అస్థిరమనో అర్థం కాదని ఆ ప్రాజెక్టుల పేజీల్లోనే రాసి ఉంటుంది. అక్కడ ముఖ్యంగా పరీక్షించేది నిర్ణయాలు ఒక్క కంపెనీ చేతిలో కాక పలువురి చేతుల్లో ఉన్నాయా అన్నది. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులను చూసుకునే సీఎన్‌సీఎఫ్ అనే సంస్థలో కూడా శాండ్‌బాక్స్, ఇంక్యుబేటింగ్, గ్రాడ్యుయేటెడ్ అని మూడు దశలున్నాయి. 2018 మార్చిలో మొదటగా మూడో దశకు చేరింది, అనేక సర్వర్ల మీద ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్. మీ 64లో ఇలాంటి సంస్థల నీడలో ఉన్నవాటికి ఆ నిర్ణయాన్నే ప్రారంభంగా తీసుకోండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను: లైబ్రరీ పేరును వర్గీకరించకండి, మీరు వాడుతున్న వెర్షన్‌ను వర్గీకరించండి. జావా ప్రోగ్రాములు తమ పని చిట్టా రాసుకోవడానికి వాడే అపాచీ లైబ్రరీ లాగ్‌ఫోర్‌జే 2లో 2021 డిసెంబరులో బయటపడిన లోపం ప్రపంచమంతటినీ కలవరపెట్టింది. ఆ నెలలోనే 2.15.0 మొదలు 2.17.1 వరకు దిద్దుబాట్లు వరుసగా వచ్చాయి. నిద్ర మానుకొని పనిచేసే మనుషులు దాని వెనుక ఉన్నారు కనుకనే అది సాధ్యమైంది. అదే పేరుతో ఉన్న 1.x వరుసకు 2015 ఆగస్టులోనే మద్దతు ముగిసింది. తరువాత అందులో దొరికిన లోపాలకు అపాచీ నుంచి దిద్దుబాటు రాలేదు. పేరు ఒకటే అయినా జాబితాలో అవి రెండు వేర్వేరు వర్గాలు.

చింతచిగురు:

నల్లరేగడి గారు చెప్పినదానికి కొంత చేర్చాలి. కమిట్ల సంఖ్య మద్దతుకు కొలమానం కాదని, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ (XZ Utils) చూపించింది. దాదాపు ఒక్కరే మోస్తూ అలసిపోయిన ప్రాజెక్టు అది. సాయానికని వచ్చిన వ్యక్తి రెండేళ్లకు పైగా పనిచేసి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. దూరం నుంచి సర్వర్‌లోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎందుకా అని తవ్వినందువల్ల 2024 మార్చిలో అది బయటపడింది. బయటి నుంచి అంకెలు మాత్రమే చూసినవారికి ఆ రెండేళ్లూ ప్రాజెక్టు పుంజుకుంటున్నట్టే కనిపించి ఉంటుంది.

అందుకే నేను స్టార్లు చూడను. వాడేవారి ఫిర్యాదులు, ప్రశ్నలు ఉండే ఇష్యూల పేజీ తెరిచి, ఏడాదిలో మూసినవాటిలో ఒక పదింటిని ఆసాంతం చదువుతాను. మొదటి జవాబు ఎన్ని రోజులకు వచ్చింది, ఇచ్చింది ఎవరు, మార్పులను అసలు కోడ్‌లో కలిపేది (మెర్జ్ చేసేది) ఎప్పుడూ ఒకే పేరా అని చూస్తాను. మేము వాడే ఒక బార్‌కోడ్ లైబ్రరీలో పైకి అంతా బాగానే ఉంది. కానీ కిందికి వెళ్తే ‘దీన్ని ఇంకా ఎవరైనా చూస్తున్నారా?’ అన్న ప్రశ్న పద్నాలుగు నెలలుగా జవాబు లేకుండా పడి ఉంది. ఆ ఒక్క వాక్యం చదివాక మా జాబితాలో దాని స్థానం మారింది.

64కు ఈ పని వారం పడుతుంది, పట్టనివ్వండి. వెనుక వచ్చిన వందలాదివాటికి చేతితో సాధ్యం కాదు. వాటికి ఓపెన్ సోర్స్ భద్రత కోసం పనిచేసే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎఫ్ వారి స్కోర్‌కార్డ్ అనే పరీక్షా సాధనం నడిపి, సున్నా నుంచి పది వరకు వచ్చే అంకెలో బాగా తక్కువ వచ్చినవాటిని మాత్రమే విప్పి చూడండి.

మీ పీడీఎఫ్ లైబ్రరీ గురించి ఒక ప్రశ్న. రసీదు మీద రోగి పేరు తెలుగులో వస్తుందా? ‘లక్ష్మి’లో క్ష కింద మ వత్తు సరిగ్గా కూర్చోవాలంటే అక్షరాలను అమర్చే పని ఎవరో ఒకరు చేయాలి. ఆ పనిని అది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీకి అప్పగిస్తే మీకు బెంగ లేదు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్ ఆధారపడేది దానిమీదే. సొంతంగా చేసుకుంటే మాత్రం మూడేళ్ల మౌనం గురించి ఆలోచించాలి.

మోదుగుపూలు:

ఎవరి యాజమాన్యం అన్న గడి కూడా పెట్టండి. రెడిస్ అనే డేటాబేస్ పరిపక్వతకు గానీ చురుకుదనానికి గానీ లోటు లేదు. అయినా 2024 మార్చిలో దాని కంపెనీ లైసెన్స్ (వాడుక షరతులు) మార్చింది, కొద్ది రోజుల్లోనే లైనక్స్ ఫౌండేషన్ అనే సంస్థ కింద, రెడిస్ పాత కోడ్ నుంచి వాల్కీ అనే వేరు ప్రాజెక్టు పుట్టింది. 2025లో రెడిస్ 8కు ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కూడా చేర్చారు. అలాంటి చోట కోడ్ ఎంత గట్టిదైనా, నిర్ణయం ఒకరిదే.

తుంగభద్ర:

ముగ్గురికీ కృతజ్ఞతలు. కూడిక తీసేశాను. ఇప్పుడు ప్రతి వరుసలో వెర్షన్, స్థిరత్వం, మద్దతు ఇచ్చేవారు, యాజమాన్యం, మళ్లీ చూడవలసిన తేదీ వేర్వేరుగా ఉన్నాయి. పీడీఎఫ్ లైబ్రరీ కోడ్ తెరిచి చూశాను. అక్షరాల అమరికను అది హార్ఫ్‌బజ్‌కే అప్పగిస్తోంది. దాన్ని ‘స్థిరం, మద్దతు ఒక్కరిదే’ అని రాసి, ఆరు నెలల తరువాతి తేదీ వేశాను. పట్టికల లైబ్రరీకి ‘మద్దతు బలం, స్థిరత్వం తక్కువ’ అని రాశాను. బార్‌కోడ్ లైబ్రరీ ఒకటి మా దగ్గర కూడా ఉంది. ఈ రాత్రికి దాని ఇష్యూల పేజీ చదువుతాను.